చూడకుండా ఎలా చెబుతున్నారు? విశ్వం పుట్టుక, భూగర్భంపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి చేరిన ఉత్తరాల్లో కొన్ని విశ్వం పుట్టుక గురించి, కొన్ని భూమి లోపలి పొరల గురించి. అన్నింటి అడుగునా ఉన్న అనుమానం మాత్రం ఒక్కటే: ఎవరూ చూడలేదు, ఎవరూ వెళ్లలేదు, మరి అంకెలతో సహా ఎలా చెబుతున్నారు? న్యాయమైన అనుమానం. అందుకే ఈ నెల జవాబుల్లో ఫలితం కన్నా కొలిచిన పద్ధతికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: బిగ్ బ్యాంగ్‌ని మా పిల్లల పుస్తకంలో మహావిస్ఫోటం అన్నారు. పేలిందన్నాక ఎక్కడో ఒకచోట పేలాలి కదండీ. ఆ చోటు ఆకాశంలో ఏ దిక్కున ఉంది?
(గృహిణి, నిజామాబాద్)

ఏ దిక్కునా లేదు. ఖాళీ చోటులో ఒక ముద్ద పేలి ముక్కలు చెదరడం జరగలేదు. అప్పుడు సాగడం మొదలుపెట్టినది చోటే. అందుకే ప్రతి చోటూ ఆ ఘటన జరిగిన చోటే, మీ ఇల్లున్న చోటుతో సహా.

పిల్లలకు చూపించాలంటే ఇలా చేయండి. వెడల్పాటి రబ్బరు బ్యాండును ఒకచోట కత్తిరించి పట్టీలా చేయండి. స్కేలు పక్కన పెట్టి సెంటీమీటరుకొకటి చొప్పున ఆరు చుక్కలు పెట్టండి. పొడవు రెట్టింపయ్యేదాకా ఇద్దరు రెండు కొసలూ పట్టి లాగండి. ఇప్పుడు ఏదో ఒక చుక్క దగ్గర స్కేలు సున్నా ఉంచి కొలవండి. పక్క చుక్క 1 సెం.మీ. నుంచి 2కు వెళ్లింది, అంటే 1 సెం.మీ. జరిగింది. దాని తర్వాతిది 2 నుంచి 4కు, అంటే 2 సెం.మీ. జరిగింది. ఎంత దూరాన ఉంటే అంత ఎక్కువ జరుగుతోంది. సున్నాను వేరే చుక్క దగ్గరికి మార్చి కొలిచినా లెక్క అదే వస్తుంది. ఏ చుక్క దగ్గర నిలబడినా మిగతావన్నీ తననుంచే పారిపోతున్నట్టు కనిపిస్తాయి గనుక, ఫలానాదే కేంద్రం అనడానికి వీల్లేదు. పట్టీ అంతటా ఒకే మందం లేకపోతే, లేదా చుక్కలు కొసలకు మరీ దగ్గరగా ఉంటే లెక్క తప్పుతుంది. మధ్య భాగంలోనే గుర్తులు పెట్టండి.

పిల్లలు తప్పకుండా అడిగే ఇంకో ప్రశ్న: అన్నీ సాగుతుంటే మన ఇల్లు, మన ఒళ్లు కూడా సాగుతున్నాయా? లేదు. గురుత్వాకర్షణ, విద్యుత్ బలాలు గట్టిగా పట్టి ఉంచిన చోట ఆ సాగుదల పనిచేయదు. మన పాలపుంతకు పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ అయితే దూరం పోకపోగా సెకనుకు దాదాపు 110 కి.మీ. వేగంతో మనవైపే వస్తోంది.

ప్రశ్న: విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలంటున్నారు. ఆ లెక్క మాలాంటి వాళ్లం కాగితం మీద వేయగలమా?
(డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

వేయగలరు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

గెలాక్సీలు దూరమవుతున్న వేగాన్ని 10 లక్షల పార్సెక్‌ల దూరానికి సెకనుకు ఇన్ని కిలోమీటర్లు అని చెబుతారు. దీన్నే హబుల్ స్థిరాంకం అంటారు. విలువ సుమారు 70. పది లక్షల పార్సెక్‌లంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కి.మీ. కాబట్టి సెకనుకు 70 కి.మీ. అనేది కాంతి వేగంలో 4,286వ వంతు. కాంతి 32.6 లక్షల సంవత్సరాల్లో వెళ్లే దూరానికి ఈ వేగంతో 32.6 లక్షలు × 4,286 సంవత్సరాలు పడతాయి. వచ్చేది దాదాపు 1,397 కోట్ల సంవత్సరాలు. ఈ వేగమే మొదట్నుంచీ ఉండి ఉంటే అన్నీ ఒకచోట ఉన్న కాలం అంత వెనక ఉందన్నమాట. నిజానికి వేగం మారుతూ వచ్చింది. మొదట్లో పదార్థపు ఆకర్షణ దాన్ని తగ్గించింది, గత 500 కోట్ల సంవత్సరాలుగా కృష్ణశక్తి (డార్క్ ఎనర్జీ) పెంచుతోంది. ఆ రెండూ లెక్కలోకి తీసుకుంటే 1,380 దగ్గర నిలుస్తుంది.

ఇక్కడ ఏది తప్పితే ఏమవుతుందో కూడా చూడండి. 1929లో ఎడ్విన్ హబుల్‌కు ఈ స్థిరాంకం 500 దాకా వచ్చింది. పై లెక్కలో 70 తీసి 500 పెడితే వయసు 196 కోట్లకు పడిపోతుంది. అప్పటికే రాళ్ల రేడియోధార్మికత అంతకన్నా పెద్ద వయసులు చూపుతోంది. తల్లి కన్నా బిడ్డ పెద్దదన్నట్టయింది. వేగాల్లో తప్పు లేదు, తప్పంతా దూరాల్లో ఉంది. దూరం కొలవడానికి వాడే సెఫీడ్ నక్షత్రాల్లో ప్రకాశంలో తేడా ఉన్న రెండు రకాలున్నాయని వాల్టర్ బాడే తేల్చి, 1952లో ప్రకటించాడు. అంతవరకూ రెండింటినీ ఒకటిగా లెక్కపెట్టారు. ఆ ఒక్క సవరణతో విశ్వం వయసు రెట్టింపయింది.

ఇప్పటికీ ఒక తేడా మిగిలే ఉంది. ఆదికాలపు కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్క 67.4, సమీప గెలాక్సీల్లోని సెఫీడ్‌లు, సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) లెక్క 73. రెండింటి లోపపరిధులూ ఒకదాన్నొకటి తాకడం లేదు. ఈ రంగంలో ఇవాళ అతి ముఖ్యమైన వివాదం ఇదే. పాఠ్యపుస్తకాలు దీన్ని దాచకుండా చెబితే పిల్లలకు ఎంతో మేలు.

ప్రశ్న: బిగ్ బ్యాంగ్‌కు ముందు ఏముంది?
(ఖమ్మం, హైదరాబాద్, న్యూజెర్సీ నుంచి ముగ్గురు)

ఆ సిద్ధాంతం అక్కడిదాకా వెళ్లదు. అతి వేడిగా, అతి సాంద్రంగా ఉన్న స్థితి నుంచి విశ్వం ఎలా మారుతూ వచ్చిందో అది చెబుతుంది. ఆ స్థితికి ముందు సంగతి దాని సమీకరణాల పరిధిలో లేదు. ఉందని, లేదని బల్లగుద్ది చెప్పే పుస్తకాలు మీ దగ్గరుంటే, అవి ఏ కొలతను ఆధారంగా చూపుతున్నాయో ముందు వెతకండి.

ప్రశ్న: విశ్వం పుట్టుకకు గుంటూరుకు సంబంధం ఉందని విన్నాను. నిజమేనా?
(ఉపాధ్యాయిని, తెనాలి)

పుట్టుకకు లేదు. పుట్టుకకు బలమైన సాక్ష్యంగా నిలిచిన హీలియం కథకు ఉంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులు (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరాలు) ఎక్కుపెట్టారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిలో మెరిసే గీతలు కనిపించాయి. గ్రహణం లేకుండా కూడా ఆ గీతల్ని చూడవచ్చని జాన్సెన్ మర్నాడే గుంటూరులో నిరూపించాడు. వాటిలోని పసుపు గీత సోడియం గీతల దగ్గరే ఉన్నా వాటితో కలవదని అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహించాడు, అది కొత్త మూలకానిదని ఆ తర్వాత తేల్చాడు. హీలియం పేరు అలా వచ్చింది. భూమ్మీద అది దొరికింది 1895లో, విలియం రామ్సే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో కరిగించినప్పుడు.

ఇక విశ్వంతో లంకె. సాధారణ పదార్థంలో బరువు లెక్కన దాదాపు నాలుగో వంతు హీలియం. నక్షత్రాలు ఇంతవరకూ తయారుచేసినది అందులో కొద్ది భాగమే. మిగతాది ఎక్కడిది? తొలి మూడు, నాలుగు నిమిషాలది. విశ్వం ఉష్ణోగ్రత 100 కోట్ల డిగ్రీలకు దిగేసరికి ప్రతి 7 ప్రోటాన్లకు 1 న్యూట్రాన్ మిగిలింది. 14 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు తీసుకోండి. రెండు న్యూట్రాన్లు రెండు ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం కేంద్రకమవుతాయి. 12 ప్రోటాన్లు హైడ్రోజన్‌గా మిగులుతాయి. మొత్తం 16 కణాల్లో 4 హీలియంలో ఉన్నాయి, అంటే 25 శాతం. కొలతలో వచ్చేదీ అంతే.

అక్కడితో ఎందుకు ఆగింది, బంగారం, ఇనుము అప్పుడే ఎందుకు తయారవలేదు అని అడగవచ్చు. 5 కణాలతో గానీ, 8 కణాలతో గానీ నిలకడైన కేంద్రకం ఏదీ లేదు. హీలియానికి ఇంకో ప్రోటాన్ చేరినా, రెండు హీలియాలు కలిసినా వెంటనే విడిపోతాయి. ఆ అడ్డంకి దాటాలంటే మూడు హీలియాలు దాదాపు ఒకేసారి కలిసి కార్బన్ కావాలి. దానికి కావలసిన సాంద్రత, తీరిక నక్షత్రాల గర్భంలోనే దొరుకుతాయి.

ప్రశ్న: పాత టీవీలో ఛానల్ లేనప్పుడు కనిపించే చుక్కల్లో విశ్వం పుట్టినప్పటి కాంతి ఉంటుందట. నమ్మవచ్చా?
(టీవీ మెకానిక్, నంద్యాల)

నమ్మవచ్చు, కొద్ది పాళ్లలో. యాంటెనా ఉన్న పాత అనలాగ్ సెట్‌లో ఆ రొదలో సుమారు ఒక శాతం దానిది. మిగతాది సెట్‌లోని సర్క్యూట్‌దీ, చుట్టుపక్కల పరికరాలదీ, వాతావరణానిదీ. ఇప్పటి డిజిటల్ సెట్లు సిగ్నల్ లేకపోతే తెరను నీలంగానో నల్లగానో చేస్తాయి గనుక వాటిలో కనిపించదు.

విశ్వానికి 3 లక్షల 80 వేల ఏళ్ల వయసులో, ఉష్ణోగ్రత 3,000 డిగ్రీలకు తగ్గి పరమాణువులు కుదురుకున్నాక స్వేచ్ఛగా బయల్దేరిన కాంతి అది. అప్పటినుంచి చోటు 1,100 రెట్లు సాగడంతో ఆ కాంతి తరంగాలూ సాగి మైక్రోవేవ్‌లయ్యాయి. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్, అంటే మైనస్ 270 సెల్సియస్ డిగ్రీల దగ్గర. ప్రతి ఘన సెంటీమీటరు చోటులో దాని ఫోటాన్లు 411 ఉంటాయి. 1964లో న్యూజెర్సీలోని హోల్మ్‌డెల్‌లో పెంజియాస్, విల్సన్ ఈ రొద విని పరికరంలో లోపమనుకున్నారు. యాంటెనాలోని పావురాల రెట్టలు కడిగించారు, అతుకులకు అల్యూమినియం టేపు వేశారు. ఎటు తిప్పినా, పగలైనా రాత్రైనా, ఏ రుతువులోనైనా అదే మోతాదు రావడంతోనే అది ఆకాశమంతటిదని తేలింది. 1978లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

ప్రశ్న: బ్రహ్మకు ఒక పగలు, అంటే కల్పం, 432 కోట్ల ఏళ్లు. భూమి వయసు 454 కోట్లంటున్నారు. ఇంత దగ్గరగా ఉందంటే మన పూర్వులకు ముందే తెలుసనే కదా?
(విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం)

మీ ప్రశ్నలోని గౌరవం మాకు అర్థమైంది, అందుకే సూటిగా చెబుతాం. కల్పం లెక్క కలియుగం 4,32,000 ఏళ్లతో మొదలవుతుంది. దానికి పది రెట్లు మహాయుగం, వెయ్యి మహాయుగాలు కల్పం. అంత పెద్ద కాలాన్ని ఊహించే ధైర్యం, దశాంశ పద్ధతిలో దాన్ని రాయగల నేర్పు నిజంగా గొప్పవి. కానీ ఆ అంకె గుణకారంతో వచ్చింది, రాయిని కొలిస్తే వచ్చింది కాదు. పైగా కల్పం భూమి వయసుగా చెప్పినది కాదు, సృష్టి నిలిచే మొత్తం గడువు. సంప్రదాయం ప్రకారమే అందులో సగానికి దగ్గరగా, సుమారు 197 కోట్ల ఏళ్లు గడిచాయి. పోల్చాలంటే ఆ అంకెను పోల్చాలి.

454 వచ్చిన దారి వేరు. యురేనియం-238 అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం క్షయమయ్యే కాలం) 447 కోట్ల ఏళ్లు, అది చివరికి సీసం-206 అవుతుంది. యురేనియం-235 అర్ధాయువు 70.4 కోట్ల ఏళ్లు, అది సీసం-207 అవుతుంది. ఒకే రాయిలో వేర్వేరు వేగాలతో నడిచే రెండు గడియారాలున్నట్టు. రెండూ ఒకే వయసు చూపితేనే నమ్ముతారు. మధ్యలో రాయి వేడెక్కి సీసం కారిపోయి ఉంటే రెండూ విభేదించి మోసాన్ని బయటపెడతాయి.

1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కాశకలాల సీసంతో 455 కోట్లని తేల్చాడు, అటూ ఇటూ 7 కోట్ల తేడాతో. భూమి రాళ్లే ఎందుకు వాడలేదంటే, తొలినాటి పటలం (భూమి పైపొర) కరిగి, మళ్లీ గడ్డకట్టి చెరిగిపోయింది. ఉల్కలు అప్పటి పదార్థాన్ని అలాగే నిల్వ ఉంచాయి. ఆయన్ను ఏళ్ల తరబడి సతాయించింది ప్రయోగశాలలోకి చొరబడే సీసం: దుమ్ములో, నీళ్లలో, గోడ రంగుల్లో, పెట్రోలు పొగలో. అతి శుభ్రమైన గది కట్టుకుంటే తప్ప లెక్క కుదరలేదు. ఆ అనుభవంతోనే ఆయన పెట్రోలులో సీసం కలపడానికి వ్యతిరేకంగా పోరాడాడు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది.

ప్రశ్న: మనిషి 12 కిలోమీటర్లకు మించి తవ్వలేదు. 6,371 కిలోమీటర్ల లోతున ఇనుము ఉందని ఏ ధైర్యంతో చెబుతారు?
(సివిల్ ఇంజినీరు, హైదరాబాద్)

మూడు దారులున్నాయి. వేర్వేరుగా బయల్దేరి ఒకేచోటికి చేరతాయి కాబట్టే ఆ ధైర్యం.

మొదటిది బరువు. మీరే మొదలుపెట్టవచ్చు. పిడికెడంత గ్రానైట్ రాయి తీసుకుని, ఎండబెట్టి, వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. 540 గ్రాములనుకుందాం. ఇప్పుడు సగం నీళ్లున్న గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేయండి. రాయికి దారం కట్టి పూర్తిగా మునిగేలా, గిన్నె అడుగుకు, అంచుకు తగలకుండా వేలాడదీయండి. కాటా 200 చూపితే రాయి ఘనపరిమాణం 200 ఘన సెం.మీ. 540ని 200తో భాగిస్తే సాంద్రత 2.7. అడుగుకు తగిలితే రాయి బరువు కూడా కాటా మీద పడి లెక్క చెడుతుంది. రాయికి గాలి బుడగలు అంటుకుంటే సాంద్రత తక్కువ చూపుతుంది, తడి వేలితో తుడవండి. రంధ్రాలుండే ఎర్రటి లేటరైట్‌తో ఈ ప్రయోగం కుదరదు.

హైదరాబాద్ గ్రానైట్ ఎక్కడ తీసినా 2.6 నుంచి 2.7 మధ్యే వస్తుంది. మరి భూమి మొత్తం సాంద్రత? 1798లో హెన్రీ కావెండిష్ 158 కిలోల సీసపు గుండ్లు చిన్న గుండ్లను లాగే అతి స్వల్ప బలాన్ని కొలిచి 5.48 అన్నాడు. ఇప్పటి విలువ 5.51. పైనంతా 2.7 ఉండి సగటు 5.5 రావాలంటే లోపల చాలా బరువైనది ఉండి తీరాలి. అది నడుమనే కుదురుకుందని ఇంకో కొలత చెబుతుంది. భూమి అక్షం దాదాపు 26,000 ఏళ్లకొకసారి చుట్టు తిరుగుతుంది. పంచాంగంలో అయనాంశ కలపడానికి కారణం ఈ చలనమే. దాని వేగం నుంచి జడత్వ భ్రామకం, అంటే బరువు నడుమ ఎంత, అంచున ఎంత ఉందో చెప్పే కొలత, తెలుస్తుంది. అంతటా ఒకే సాంద్రత ఉన్న గోళానికి ఆ గుణకం 0.4, భూమికి 0.33.

రెండోది భూకంప తరంగాలు. అసలు బలం దీనిదే, దీనికి బీజం పడింది మన దేశంలోనే. 1897 జూన్ 12 నాటి అస్సాం మహాభూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసే రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ పరిశోధించాడు. యూరప్ యంత్రాల నమోదుల్లో మూడు రకాల తరంగాలు వేర్వేరు సమయాల్లో వచ్చాయని గుర్తించాడు. ముందొచ్చే పి తరంగం రాతిని నొక్కుతూ, వదులుతూ సాగుతుంది. దాని వెనక వచ్చే ఎస్ తరంగం అడ్డంగా ఊపుతుంది. చివరివి నేల మీదుగా పోయేవి. ద్రవాన్ని నొక్కవచ్చు కానీ అడ్డంగా ఊపితే అది తిరిగి లాగదు కాబట్టి ఎస్ తరంగం ద్రవంలో పోదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఎస్, పి తరంగాల మధ్య వ్యవధిని సెకన్లలో కొలిచి 8తో గుణిస్తే దగ్గరి భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో సుమారుగా తెలుస్తుంది. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్‌కు రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో పుట్టింది. అంటే రెండు కుదుపుల మధ్య పాతిక సెకన్లకు పైనే ఉంటుంది. ఒక కేంద్రం దూరం మాత్రమే చెబుతుంది, దిక్కు చెప్పదు. మూడు కేంద్రాల నుంచి మూడు వృత్తాలు గీస్తే అవి కలిసేచోట భూకంపం పుట్టింది.

దూరపు భూకంపాల తరంగాలైతే భూమి లోపలంతా తిరిగి వస్తాయి. భూకంపం పుట్టిన చోటు నుంచి భూమి చుట్టూ 104 డిగ్రీలు దాటాక నేరుగా వచ్చే ఎస్ తరంగం ఎక్కడా కనిపించదు. 104 నుంచి 140 డిగ్రీల దాకా నేరుగా వచ్చే పి తరంగమూ కనిపించదు. ఆ తర్వాత మళ్లీ వస్తుంది, ఆలస్యంగా. చిలీలో పెద్ద భూకంపం వస్తే హైదరాబాద్ యంత్రాల్లో పి తరంగం సుమారు 20 నిమిషాల్లో నమోదవుతుంది. దాని వెనక నేరుగా రావలసిన ఎస్ తరంగం మాత్రం రాదు. దారిలో ఏదో ద్రవం దాన్ని మింగేసింది. తరంగాలు చేరని ఆ నీడ ఎంత పెద్దదో చూసి ద్రవగోళం ఎంత పెద్దదో లెక్కకట్టారు.

భూమి నడుమ కేంద్రమండలం అనే వేరే గోళం ఉందని ఓల్డ్‌హామ్ 1906లో చూపాడు. 1909లో క్రొయేషియా భూకంపంతో పటలం అడుగు ఎక్కడుందో మొహొరొవిచిచ్ కనిపెట్టాడు. కేంద్రమండలం 2,900 కి.మీ. లోతున మొదలవుతుందని గుటెన్‌బర్గ్, అది ద్రవమని 1926లో జెఫ్రీస్ తేల్చారు. 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్, నీడ పడాల్సిన చోట కనిపిస్తున్న బలహీనమైన పి తరంగాలను కొట్టిపారేయకుండా పట్టుకుంది. ద్రవం నడుమ మరో గోళం ఉండి తరంగాలను అటు తిప్పుతోందని చూపింది. అదే 1,220 కి.మీ. వ్యాసార్థం ఉన్న ఘన కేంద్రం. యంత్రంలో లోపమని వదిలేసి ఉంటే ఆ గోళం ఇంకొన్నేళ్లు దాగి ఉండేది.

మూడోది ఉల్కలు. ఆ లోతుల్లో సాంద్రత 10 నుంచి 13 వరకూ ఉండాలని తరంగాలు చెబుతున్నాయి. అంత ఒత్తిడిలో ఆ సాంద్రతకు వచ్చే, విశ్వంలో సమృద్ధిగా దొరికే లోహం ఇనుమే. ముక్కలైపోయిన చిన్న గ్రహాల గర్భాల నుంచి రాలిన ఉల్కలు ఇనుము, నికెల్ మిశ్రమమే. ద్రవ కేంద్రం మాత్రం స్వచ్ఛమైన ఇనుము కన్నా కాస్త తేలిక, కాబట్టి గంధకం, సిలికాన్, ఆక్సిజన్ లాంటివి కలిసి ఉండాలి. ఏది ఎంత పాలు అన్నదాని మీదే ఇప్పటి పరిశోధన.

ప్రశ్న: పటలం కింద అంతా మరిగే లావాయే కదా?
(పదో తరగతి విద్యార్థి, సిద్దిపేట)

కాదు బాబూ. బొమ్మల్లో ఎర్రగా, నారింజ రంగులో వేయడంతో వచ్చిన అపోహ ఇది. పటలం కింద 2,890 కి.మీ. దాకా ఉన్న పొర ప్రావారం, అందులో దాదాపు అంతా గట్టి రాయే. సాక్ష్యం ఇప్పుడే చదివావు: ఎస్ తరంగాలు అందులోంచి చక్కగా వెళ్తాయి. పైభాగంలో దాని రంగు కూడా ఎరుపు కాదు, ఆలివిన్ ఖనిజం వల్ల ఆకుపచ్చ. గట్టిగా ఉంటూనే ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పారుతుంది.

అక్కడక్కడా కరగడానికి కొత్తగా వేడి అక్కర్లేదు. వేడి రాయి పైకి లేచి ఒత్తిడి తగ్గినా కరుగుతుంది, నీరు చేరి కరిగే ఉష్ణోగ్రత దిగినా కరుగుతుంది. వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి, రాజమహేంద్రవరం దగ్గర పంగిడి క్వారీల్లో తీసే బసాల్ట్ 6.6 కోట్ల ఏళ్ల కిందట అలా ఒత్తిడి తగ్గి కరిగిన రాయే.

ప్రశ్న: వజ్రకరూరు, జొన్నగిరి వైపు తొలకరి వానలకు పొలాల్లో వజ్రాలు దొరుకుతాయి. అవి నిజంగా భూమి లోతుల్లోంచి వచ్చినవేనా? దొరికిన రాయి వజ్రమో కాదో ఇంట్లో చూసుకోవచ్చా?
(రైతు, తుగ్గలి)

నిజంగానే. వజ్రం తయారవ్వాలంటే 150 కి.మీ.కు తగ్గని లోతు, 45 వేల వాతావరణాలకు పైబడ్డ ఒత్తిడి, వెయ్యి డిగ్రీల అటూ ఇటూ వేడి కావాలి. వాటిని పైకి తెచ్చింది కింబర్లైట్ అనే శిలాద్రవం. వజ్రకరూరు దగ్గర అది సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట పైకి చొచ్చుకొచ్చింది. అది చాలా వేగంగా ఎగబాకుతుంది. మెల్లగా వచ్చి ఉంటే వజ్రం దారిలోనే గ్రాఫైట్ అయిపోయేది. ఆ రాయి శిథిలమై, వాన నీళ్లకు మట్టి కొట్టుకుపోయి, బరువైన గట్టి గింజలు పైకి తేలతాయి. తొలకరికి దొరకడానికి కారణం అదే.

పరీక్షకు పైన చెప్పిన తూకం పద్ధతే వాడవచ్చు. వజ్రం సాంద్రత 3.5, పలుగురాయిది 2.65. అయితే ఒక క్యారెట్ 0.2 గ్రాములే గనుక వంటింటి కాటా దాన్ని అసలు గుర్తించదు. మిల్లీగ్రాము దాకా చూపే నగల తూకం కావాలి. పుష్యరాగం (టోపాజ్) సాంద్రత కూడా 3.5 ఉంటుంది కాబట్టి తూకం ఒక్కటే చాలదు. గీత పరీక్ష, కాంతి పరీక్ష చేసేవారికి చూపించండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం: సుత్తితో కొట్టి చూడకండి. వజ్రం గీతలు పడనంత గట్టిది, దెబ్బకు మాత్రం పలకలుగా చీలిపోతుంది. అసలైనదైతే విలువ అక్కడే పోతుంది.

శాస్త్రానికి వజ్రంలోని మరకలే అమూల్యం. నగల వ్యాపారి వద్దనే ఆ మచ్చలో లోతుల్లోని ఖనిజం చెక్కుచెదరకుండా ఉంటుంది. 2014లో బ్రెజిల్ వజ్రం ఒకదానిలో రింగ్‌వుడైట్ ఖనిజం కనిపించింది. అది సహజంగా ఉండేది 500 కి.మీ. దిగువన. దాని బరువులో ఒక శాతానికి పైగా నీరు, ఖనిజ నిర్మాణంలో కలిసిపోయిన రూపంలో, ఉన్నట్టు తేలింది.

ప్రశ్న: 454 కోట్ల ఏళ్లయినా లోపల ఇంకా చల్లారలేదేం?
(బ్యాంకు ఉద్యోగిని, వరంగల్)

మొదటి కారణం రాయి వేడిని చాలా మెల్లగా వదులుతుంది. రెండోది యురేనియం, థోరియం, పొటాషియం-40 ఇప్పటికీ క్షయమవుతూ వేడి పుట్టిస్తున్నాయి. భూమి నుంచి బయటికి పోయే వేడి మొత్తం 4,700 కోట్ల కిలోవాట్లు. అందులో సగం దాకా ఈ మూలకాలదేనని జపాన్‌లోని కామ్‌లాండ్ పరికరం భూగర్భం నుంచి వచ్చే న్యూట్రినోలను లెక్కపెట్టి 2011లో చూపింది.

1862లో లార్డ్ కెల్విన్ భూమి చల్లారే వేగాన్ని బట్టి వయసు 2 నుంచి 40 కోట్ల ఏళ్లే అన్నాడు. రేడియోధార్మికత తెలియకపోవడమే ఆయన పొరపాటని చాలా పుస్తకాలు రాస్తాయి. అంతకన్నా పెద్ద లోపం ఒకటుంది. భూమి లోపల అంతా కదలని రాయని అనుకున్నాడు. లోపలి రాయి పారుతూ కింది వేడిని పైకి తెస్తుంటే నేల దగ్గర వేడి చాలాకాలం నిలుస్తుందని ఆయన శిష్యుడు జాన్ పెర్రీ 1895లోనే ఎత్తిచూపాడు. ఎవరూ వినలేదు.

ప్రశ్న: రష్యా వాళ్లు కోలా బోరును ఇంకా లోతుకు ఎందుకు తవ్వలేదు?
(బోరుబావుల కాంట్రాక్టరు, చిత్తూరు)

మీ వృత్తిలో బిట్ ఇరుక్కుంటే పడే బాధ వాళ్లకు వందింతలైంది. 1970లో మొదలుపెట్టి 1989లో 12,262 మీటర్లకు చేరారు. భూమి వ్యాసార్థంలో అది 0.2 శాతం కూడా కాదు. అక్కడ 100 డిగ్రీలుంటుందనుకున్న వేడి 180 ఉంది. ఆ వేడికి, ఒత్తిడికి రాయి మెత్తబడి, గొట్టం పైకి తీయగానే రంధ్రం పూడుకుపోతూ వచ్చింది. 15,000 మీటర్ల లక్ష్యం వదులుకోక తప్పలేదు. మీ పక్కనే ఉన్న కోలారు గనుల్లో 3.2 కి.మీ. లోతుకే రాయి 60 డిగ్రీలు దాటింది. చల్లటి గాలి పంపితే తప్ప పని జరిగేది కాదు.

ప్రావారాన్ని అందుకోవాలంటే భూఖండాల మీద తవ్వడం దండగ. ఇక్కడ పటలం 35 కి.మీ. పైనే, టిబెట్ కింద 70 కి.మీ. సముద్రం అడుగున 7 కి.మీ. మాత్రమే. అట్లాంటిక్ నడిమి పర్వతశ్రేణి దగ్గర కొన్నిచోట్ల ప్రావారపు రాయే పైకి నెట్టుకొచ్చింది. 2023లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక అక్కడి అట్లాంటిస్ మాసిఫ్‌లో 1,268 మీటర్లు తవ్వి, దాదాపు తెగకుండా ఆ రాతి కడ్డీలను పైకి తీసింది. అది నీటితో చర్య జరిపి చాలావరకు సర్పెంటినైట్‌గా మారిన రాయి, కాబట్టి లోతున ఉన్నది ఉన్నట్టుగా దొరికిందనుకోకూడదు. అయినా ప్రావారపు శిలలో ఇప్పటిదాకా తవ్విన అతి లోతైన రంధ్రం అదే.